మౌస్ పట్టుకున్న మొదటి వారం: కంప్యూటర్ తెర మీద దేన్ని ఏమంటారు, దాంతో ఏం చెయ్యాలి

కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసింది. గొంతు నిండా కంగారు.

"ఒరేయ్ నాన్నా, అంతా పోయిందిరా."

"ఏం పోయింది పిన్నీ?"

"గంట నుంచి కూర్చుని ఉత్తరం టైపు చేశాను. పైన ఏదో నొక్కాను, అంతే, మాయమైపోయింది. ఇప్పుడు పూల బొమ్మ తప్ప ఇంకేమీ లేదు."

"పైన అంటే ఎక్కడ నొక్కావు?"

"అదేరా, ఆ మూల. చిన్న గీతలాంటిది."

ఆ ఉత్తరం ఎక్కడికీ పోలేదు. ఆమె కళ్ళ ముందే ఉంది. కానీ దాన్ని పట్టుకోవడానికి మా ఇద్దరికీ ఫోన్లో అరగంట పట్టింది. "కింద పట్టీ చూడు" అని నేనంటే కీబోర్డు కింద వెతికింది. అందులో ఆమె తప్పేమీ లేదు. తెర మీద కనిపించేవాటికి పేర్లున్నాయని, ఏది ఏమిటో ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. మౌస్ చేతికిచ్చి "నొక్కు" అన్నాం, అంతే.

అప్పటి నుంచి కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చునే ఎవరికైనా నేను ముందు పేర్లే చెబుతున్నాను. ఒక పేరు చెప్పడం, అది ఏం చేస్తుందో వాళ్ళ చేత్తోనే చేయించడం. ఇక్కడ కూడా ఆ వరసలోనే వెళ్దాం. కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాముల్లో చాలామంది వాడేది విండోస్ కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. యాపిల్ కంప్యూటరైన మ్యాక్‌లో బాగా తేడా ఉన్న చోట ఆ మాట చెబుతాను. చదివేటప్పుడు పక్కన కంప్యూటర్ ఆన్ చేసి పెట్టుకోండి. చెయ్యి కదలకుండా ఇది ఒంటబట్టదు.

## 1. ముందు తెరను చూడండి, ఏదీ నొక్కకండి

కంప్యూటర్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ ఇచ్చాక మొదట కనిపించే తెరనే డెస్క్‌టాప్ అంటారు. ఈ పేరుతో మొదట్లోనే ఒక తికమక వస్తుంది. బల్ల మీద పెట్టుకుని వాడే కంప్యూటర్‌ని కూడా డెస్క్‌టాప్ అనే అంటాం. "డెస్క్‌టాప్ కొన్నాను" అంటే మెషీన్. "ఫైలు డెస్క్‌టాప్ మీద ఉంది" అంటే తెర. ల్యాప్‌టాప్‌లో కూడా ఈ మొదటి తెరకు డెస్క్‌టాప్ అనే పేరు.

ఆ పేరు వెనక ఒక మంచి ఆలోచన ఉంది. ఆఫీసు బల్ల మీద కాగితాలు, ఫైళ్ళు, పక్కన చెత్తబుట్ట ఉన్నట్టు తెర మీద కూడా చూపిస్తే, కంప్యూటర్ తెలియనివాళ్ళు కూడా చూడగానే పోల్చుకుంటారని అనుకున్నారు. 1981లో జిరాక్స్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన స్టార్ అనే కంప్యూటర్‌లో ఈ ఏర్పాటు ఉంది. 1984లో యాపిల్ మ్యాకింటాష్‌తో ఇది ఇంకా ఎక్కువమంది చేతికి వచ్చింది. ఇన్నేళ్ళయినా మనం అదే బల్ల ముందు కూర్చుంటున్నాం. అందుకే తెరను బల్ల అనుకుంటే సగం విషయాలు వాటంతట అవే తెలుస్తాయి.

తెర వెనకాల కనిపించే బొమ్మ వాల్‌పేపర్. పూలు, కొండలు, పిల్లల ఫోటో, ఏదైనా కావచ్చు. అది అలంకారం మాత్రమే, దాని మీద ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. ఎక్కడ నొక్కితే ఏమవుతుందోనని భయమేస్తే చేతికి సాధన చేసుకోవడానికి ఇదే మంచి చోటు.

ఆ బొమ్మ మీద చిన్న చిన్న గుర్తులు, వాటి కింద పేర్లు ఉంటాయి. ఇవి ఐకాన్లు. ఒక్కో ఐకాన్ ఒక్కో తలుపు లాంటిది. కొన్ని తెరిస్తే ప్రోగ్రామ్ మొదలవుతుంది, కొన్ని తెరిస్తే ఫైలు వస్తుంది, పసుపు రంగు కవరులా ఉన్నది తెరిస్తే ఫోల్డర్. ఐకాన్ ఎడమవైపు కింది మూలలో చిన్న బాణం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది షార్ట్‌కట్, అంటే అసలు వస్తువు వేరే చోట ఉంది, ఇది దాని దగ్గరకు తీసుకెళ్ళే దారి మాత్రమే. షార్ట్‌కట్‌ని డిలీట్ చేసినా అసలుది చెక్కుచెదరదు. బాణం లేని ఫైలైతే అదే అసలుది. ఏదైనా తీసేసే ముందు ఈ మూల చూసుకునే అలవాటు చేసుకోండి.

తెర అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండే పట్టీ టాస్క్‌బార్. పిన్ని ఆ రోజు వెతకాల్సింది ఇదే. దీని మీద నాలుగు చదరాలు పేర్చినట్టున్న గుర్తు స్టార్ట్ బటన్. దాన్ని నొక్కితే కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నిటికీ దారి దొరుకుతుంది. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ రెండూ 1995లో విండోస్ 95తో వచ్చాయి. ఎడమ మూలలో ఉండే స్టార్ట్ బటన్‌ని 2021లో విండోస్ 11 మధ్యకు జరిపింది. పాత కంప్యూటర్ వాడి కొత్తదానికి మారినవాళ్ళు "స్టార్ట్ ఏదీ?" అని వెతుక్కునేది ఇందుకే. టాస్క్‌బార్ కుడి చివర గడియారం, తేదీ, వైఫై, సౌండ్ గుర్తులు ఉంటాయి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా అక్కడే.

మ్యాక్‌లో అడుగున ఉండే వరసను డాక్ అంటారు. మెనూలు, అంటే చెయ్యగల పనుల పట్టికలు, మాత్రం తెర పైభాగాన ఉంటాయి.

## 2. ఇప్పుడు మౌస్ పట్టుకోండి

మౌస్‌ని మొదట తయారు చేసింది 1964లో, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. ఆలోచన డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది, తయారు చేసింది బిల్ ఇంగ్లిష్. చెక్క డబ్బా, కింద రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క బటన్. ఒక చక్రం అడ్డంగా ఎంత జరిగిందో, ఇంకోటి నిలువుగా ఎంత జరిగిందో చెప్పేది. ఈ రోజు మౌస్ కింద చక్రాల బదులు వెలుగు, చిన్న కెమెరా లాంటి సెన్సర్ ఉన్నాయి కానీ చేసే పని అదే: మీ చెయ్యి ఎటు, ఎంత జరిగిందో చెప్పడం.

ఇది తెలిస్తే రెండు చిక్కులు తీరిపోతాయి. మొదటిది, సెన్సర్ కింద ఉన్న బల్లను చూస్తూ ఉంటుంది కాబట్టి, గాజు మీదో బాగా మెరిసే పలక మీదో పెడితే దానికి ఆనవాళ్ళు దొరకవు, మౌస్‌తో పాటు తెర మీద కదిలే బాణం గంతులు వేస్తుంది. కింద ఒక అట్ట వేసినా సరిపోతుంది. రెండోది, మౌస్‌ని గాల్లోకి ఎత్తితే బాణం కదలదు. చాలామంది బల్ల అంచు దాకా వచ్చేసి, ఇక జరపడానికి చోటు లేక ఆగిపోతారు. ఎత్తండి, మధ్యలో పెట్టండి, మళ్ళీ జరపండి. ఎత్తినప్పుడు బాణం ఉన్నచోటే ఉంటుంది.

పట్టుకునే పద్ధతి: అరచెయ్యి మౌస్ మీద వాల్చండి, గట్టిగా పిసకొద్దు. చూపుడువేలు ఎడమ బటన్ మీద, మధ్యవేలు కుడి బటన్ మీద, బొటనవేలు, ఉంగరపువేలు పక్కల. మణికట్టు బల్లకు ఆనాలి. మౌస్ తల తెరవైపు నిటారుగా ఉండాలి. అది వంకరగా ఉంటే మీరు పైకి జరిపితే బాణం పక్కకు పోతుంది. అప్పుడు "నా చెయ్యే తిన్నగా లేదు" అని జనం అనుకుంటారు కానీ వంకర ఉన్నది మౌస్‌లోనే.

ఎడమచేతివాటం వాళ్ళు మౌస్‌ని ఎడమవైపు పెట్టుకుని, స్టార్ట్‌లో దొరికే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో మౌస్‌లోకి వెళ్ళి బటన్లను తారుమారు చేసుకోవచ్చు. మార్చుకుంటే నేను "ఎడమ" అన్నచోట మీరు "కుడి" అనుకోవాలి.

తెర మీద కదిలే బాణాన్ని పాయింటర్ అంటారు. మనలో చాలామంది కర్సర్ అనేస్తాం, తప్పేమీ లేదు, అందరికీ అర్థమవుతుంది. కానీ టైపు చేసేటప్పుడు మినుకుమినుకుమంటూ కనిపించే నిలువుగీత వేరు. అక్షరాలు పడేది ఆ గీత దగ్గర, బాణం దగ్గర కాదు. బాణాన్ని ఒక చోట పెట్టి టైపు చేస్తే అక్షరాలు ఇంకోచోట పడటం కొత్తవాళ్ళందరికీ ఎదురయ్యేదే. ఎక్కడ టైపు చెయ్యాలో అక్కడ ముందు ఒక క్లిక్ చెయ్యండి. గీత అక్కడికి వస్తుంది. అప్పుడు టైపు చెయ్యండి.

బాణంలో పని చేసేది దాని మొన మాత్రమే. ఈ ఒక్క ముక్క నేను ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెబుతాను. బాణం తోక ఐకాన్ మీద ఉన్నా, మొన బయట ఉంటే క్లిక్ బయటే పడుతుంది. చిన్న గుర్తుల మీద గురి తప్పుతోందంటే చాలావరకు కారణం ఇదే.

పాయింటర్ రూపం మారుతూ ఉంటుంది, అది మీతో మాట్లాడే పద్ధతి. చేతి వేలు గుర్తుగా మారితే అక్కడ లింకు ఉంది, నొక్కితే ఇంకో పేజీకి వెళ్తారు. నిలువు గీతలా మారితే అక్కడ టైపు చెయ్యొచ్చు. రెండువైపులా మొనలున్న బాణమైతే అంచు పట్టుకుని సైజు మార్చొచ్చు. గుండ్రంగా తిరుగుతుంటే కంప్యూటర్ పనిలో ఉందని, కాస్త ఆగమని. అది తిరిగేటప్పుడు మళ్ళీ మళ్ళీ నొక్కకండి. నొక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి పోగుపడి తర్వాత ఒకేసారి మీద పడతాయి.

బాణం కనపడక ఇబ్బందిగా ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో మౌస్ పాయింటర్ అండ్ టచ్ తెరిచి దాన్ని పెద్దది చేసుకోండి, రంగు కూడా మార్చుకోండి. చూపు తగ్గినవాళ్ళకు నేను మొదటి రోజే ఇది చేసి పెడతాను. కంటికి ఆనకపోతే చెయ్యి ఎంత నేర్చుకున్నా లాభం లేదు.

## 3. మూడు క్లిక్కులు

క్లిక్ అంటే ఎడమ బటన్‌ని ఒకసారి నొక్కి వదలడం. దీంతో ఐకాన్‌ని ఎంచుకుంటాం, బటన్లు నొక్కుతాం, మెనూలు తెరుస్తాం. ఎంచుకోవడాన్నే సెలెక్ట్ చెయ్యడం అంటారు. డెస్క్‌టాప్ మీద ఐకాన్‌ని ఒకసారి క్లిక్ చేస్తే దాని చుట్టూ లేత రంగు పెట్టె వస్తుంది. అంటే "నువ్వు చెప్పేది దీని గురించే కదా" అని కంప్యూటర్ అడుగుతున్నట్టు. అది ఇంకా తెరుచుకోలేదు.

తెరవాలంటే డబుల్ క్లిక్. ఎడమ బటన్‌ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. మొదటివారంలో అందరినీ ఏడిపించేది ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

డబుల్ క్లిక్‌కి కంప్యూటర్ రెండు షరతులు చూస్తుంది. మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య అర సెకను దాటకూడదు. విండోస్ మామూలుగా పెట్టుకున్న గడువు 500 మిల్లీసెకన్లు. రెండోది, ఆ రెండు నొక్కుల మధ్య బాణం కదలకూడదు. తెర మీద కొద్ది చుక్కల మేరకు పక్కకు జరిగినా అది డబుల్ క్లిక్ కిందకు రాదు. కొత్తవాళ్ళు వేగం మీద దృష్టి పెడతారు. గట్టిగా, టకటకా కొడతారు. కొట్టిన ఊపుకి మౌస్ జరుగుతుంది, రెండో షరతు తప్పుతుంది. ఇంకా గట్టిగా కొడతారు, ఇంకా జరుగుతుంది. నేను చూసినంతలో పదిమందిలో తొమ్మిదిమందికి చిక్కు వేగంతో కాదు, కదలికతో.

అందుకని ఇలా చెయ్యండి. బాణం మొనను ఐకాన్ మధ్యకు తీసుకెళ్ళండి. చెయ్యి పూర్తిగా ఆపండి. బొటనవేలు, ఉంగరపువేలుతో మౌస్‌ని బల్లకు ఆనించి పట్టుకోండి. చూపుడువేలు బటన్ మీద నుంచి లేపకుండా, వేలి కొస మాత్రమే రెండుసార్లు కదిలించండి. చప్పుడు చిన్నదిగా "టిక్‌టిక్" అని రావాలి. జరపడం వేరు, నొక్కడం వేరు. రెండూ ఒకేసారి చెయ్యకూడదు.

డబుల్ క్లిక్ నెమ్మదిగా పడితే ఒక్కోసారి ఐకాన్ కింద పేరు నీలంగా మారి, టైపు చెయ్యమన్నట్టు గీత వస్తుంది. పేరు మార్చడానికి అది తెరుచుకుంది. భయం లేదు, కీబోర్డు ఎడమ పైమూలలో ఉన్న ఎస్కేప్ కీ నొక్కండి, పాత పేరే ఉంటుంది.

ఎంతకీ కుదరకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, ఐకాన్‌ని ఒకసారి క్లిక్ చేసి కీబోర్డులో ఎంటర్ నొక్కడం. డబుల్ క్లిక్ చేసే పని మొత్తం అదే చేసి పెడుతుంది. వేళ్ళు వణికే పెద్దవాళ్ళకు నేను ఇదే నేర్పుతాను, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. రెండు, మౌస్ సెట్టింగ్స్‌లో అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ తెరిచి డబుల్ క్లిక్ స్పీడు తగ్గించుకోవడం. అక్కడే ఒక ఫోల్డర్ బొమ్మ ఉంటుంది, దాని మీద డబుల్ క్లిక్ చేసి పరీక్షించుకోవచ్చు.

దేనికి ఒకటి, దేనికి రెండు? డెస్క్‌టాప్ మీద, ఫోల్డర్ల లోపల ఉన్న ఐకాన్లు తెరవడానికి రెండు. మిగతా అన్నిచోట్లా, అంటే టాస్క్‌బార్, స్టార్ట్ మెనూ, బటన్లు, ఇంటర్నెట్‌లో లింకులు, అన్నిటికీ ఒకటే. అలవాటులో పడి అన్నిచోట్లా రెండేసి నొక్కితే ఒకే ప్రోగ్రామ్ రెండుసార్లు తెరుచుకోవచ్చు. డబ్బు చెల్లించే పేజీలో "పే" బటన్‌ని మాత్రం ఎప్పుడూ ఒక్కసారే నొక్కి ఆగండి.

మూడోది రైట్ క్లిక్, కుడి బటన్ ఒకసారి. ఇది ఏదీ తెరవదు. "దీంతో ఏమేం చెయ్యొచ్చు?" అని అడగడం లాంటిది. ఐకాన్ మీద చేస్తే ఓపెన్, కాపీ, రీనేమ్, డిలీట్ లాంటి పనుల పట్టిక వస్తుంది. ఖాళీ వాల్‌పేపర్ మీద చేస్తే డెస్క్‌టాప్‌కి సంబంధించిన పట్టిక వస్తుంది. ఎక్కడ నొక్కామన్నదాన్ని బట్టి పట్టిక మారుతుంది. పట్టిక వచ్చాక అందులో కావలసినదాన్ని ఎంచుకునేది ఎడమ బటన్‌తోనే. ఏమీ వద్దనుకుంటే ఖాళీ చోట ఒక క్లిక్ చేస్తే పోతుంది. పట్టిక చూసినంత మాత్రాన ఏమీ జరగదు కాబట్టి, ఎక్కడ ఏం చెయ్యాలో తెలియనప్పుడు ధైర్యంగా రైట్ క్లిక్ చేసి చదవండి.

ల్యాప్‌టాప్‌లో మౌస్ బదులు వేలితో రాసే పలక, అంటే టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళతో ఒకసారి తడితే రైట్ క్లిక్. మ్యాక్‌లో కంట్రోల్ కీ పట్టుకుని క్లిక్ చేసినా అంతే.

## 4. చక్రం తిప్పడం, పట్టుకుని లాగడం

రెండు బటన్ల మధ్య ఉన్న చక్రం తిప్పితే పేజీ పైకీ కిందికీ జరుగుతుంది. ఇది స్క్రోల్ చెయ్యడం. బాణం ఏ విండో, అంటే తెరిచిన ఏ పలక మీద ఉంటే అదే జరుగుతుంది. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు కలిపి పైకీ కిందికీ జరిపితే చాలు.

లాగడం అంటే డ్రాగ్. ఎడమ బటన్ నొక్కి, వదలకుండా పట్టుకుని, మౌస్ జరిపి, కావలసినచోట వదలడం. వదలడాన్ని డ్రాప్ అంటారు. ఇది వచ్చిందంటే మౌస్ చాలావరకు వచ్చినట్టే. 1990లో విండోస్ 3.0తో సాలిటేర్ అనే పేకాట వచ్చింది. ముక్కను పట్టుకుని లాగి ఇంకో ముక్క మీద వదలాలి. డ్రాగ్ అనే మాట తెలియకుండానే ఎంతోమందికి ఆ ఆటతో చెయ్యి తిరిగింది. ఇప్పటికీ దీనికి మించిన సాధన నాకు కనపడలేదు. రోజుకు పావుగంట ఆడండి.

లాగుతుండగా మధ్యలో వేలు జారితే వస్తువు దారిలోనే పడిపోతుంది, ఒక్కోసారి మధ్యలో ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళిపోతుంది. "నా ఫైలు మాయమైంది" అన్న ఫోన్లలో ఇది చాలాసార్లు వింటాను. వెంటనే కంట్రోల్ కీ పట్టుకుని జెడ్ నొక్కండి. చేసిన ఆఖరి పని వెనక్కి వెళ్తుంది, ఫైలు పాతచోటికి వస్తుంది. ఇంకా వదలకముందే మనసు మారితే, బటన్ పట్టుకునే ఉండి ఎస్కేప్ నొక్కండి, లాగడం రద్దవుతుంది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఒకే డ్రైవ్‌లో, అంటే ఫైళ్ళు నిలవ ఉండే ఒకే చోట, ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి లాగితే ఫైలు అక్కడికి మారిపోతుంది, పాతచోట ఉండదు. పెన్‌డ్రైవ్ లాంటి వేరే డ్రైవ్‌కి లాగితే కాపీ అవుతుంది, రెండుచోట్లా ఉంటుంది. ఏది జరుగుతుందోనని అనుమానంగా ఉంటే కుడి బటన్‌తో లాగి వదలండి. కాపీ చెయ్యాలా, మార్చాలా అని విండోస్ మిమ్మల్నే అడుగుతుంది.

## 5. విండో, దాని మూడు గుర్తులు

ఏది తెరిచినా తెర మీద ఒక పలకలా వస్తుంది. అది విండో. పైన ఉండే పట్టీ టైటిల్ బార్. దాన్ని పట్టుకుని లాగితే విండో మొత్తం జరుగుతుంది. అంచు పట్టుకుని లాగితే సైజు మారుతుంది.

కుడి పైమూలలో మూడు గుర్తులుంటాయి. చివర ఉన్న ఇంటూ మార్కు క్లోజ్, అంటే మూసెయ్యడం. మధ్యలో ఉన్న చదరం మ్యాక్సిమైజ్, విండోని తెర నిండా పరుస్తుంది. మళ్ళీ నొక్కితే పాత సైజుకి వస్తుంది. ఎడమవైపు ఉన్న చిన్న గీత మినిమైజ్.

మా పిన్ని నొక్కింది ఆ గీతనే. మినిమైజ్ అంటే విండోని మూసెయ్యడం కాదు, పక్కన పెట్టడం. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, టైపు చేసిన ప్రతి అక్షరం ఎక్కడిదక్కడే ఉంటుంది. కనపడకుండా టాస్క్‌బార్‌లోకి దిగుతుంది, అంతే. టాస్క్‌బార్ మీద ఏ ఐకాన్ కింద చిన్న గీత వెలుగుతుందో అది తెరిచి ఉన్నట్టు. దాన్ని ఒకసారి క్లిక్ చేస్తే విండో మళ్ళీ పైకి వస్తుంది. అరగంట తర్వాత పిన్ని చేసింది ఆ ఒక్క క్లిక్కే. "అమ్మయ్య" అని ఆమె ఊపిరి వదలడం నాకు ఫోన్లో వినపడింది.

ఇప్పుడే మీరూ చేసి చూడండి. ఏదో ఒక విండో తెరవండి, గీత నొక్కండి, అది ఎటు దిగిందో కళ్ళతో వెంబడించండి, టాస్క్‌బార్‌లో నొక్కి పైకి తెచ్చుకోండి. పదిసార్లు చెయ్యండి. ఆ తర్వాత విండో కనపడకపోతే కంగారు రాదు.

ఇంటూ మార్కు సంగతి వేరు. సేవ్ చెయ్యని పని ఉంటే మూసే ముందు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది: సేవ్, డోంట్ సేవ్, క్యాన్సిల్. సేవ్ అంటే దాచి మూస్తుంది. డోంట్ సేవ్ అంటే కొత్తగా చేసిందంతా వదిలేసి మూస్తుంది. క్యాన్సిల్ అంటే అసలు మూయదు, ఉన్న పనిలోకి తిరిగి తీసుకెళ్తుంది. తొందరలో ఏదో ఒకటి నొక్కేసే చోటు కాదు ఇది. అర్థం కాకపోతే క్యాన్సిల్ నొక్కండి. దానివల్ల నష్టం లేదు.

మ్యాక్‌లో ఈ గుర్తులు ఎడమ పైమూలలో రంగు చుక్కలుగా ఉంటాయి. ఎరుపు మూయడానికి, పసుపు పక్కన పెట్టడానికి, ఆకుపచ్చ తెర నిండా పరచడానికి. అక్కడ ఎరుపు నొక్కితే విండో పోయినా ప్రోగ్రామ్ మాత్రం చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది.

## 6. ఫైలు, ఫోల్డర్, రీసైకిల్ బిన్

ఒక ఉత్తరం, ఒక ఫోటో, ఒక పాట, ఏదైనా ఒక్కొక్కటి ఒక ఫైలు. ఫైళ్ళను కలిపి పెట్టుకునే సంచి ఫోల్డర్. ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ కూడా పెట్టుకోవచ్చు. కొత్తది కావాలంటే ఖాళీ చోట రైట్ క్లిక్, న్యూ, ఫోల్డర్. పేరు టైపు చేసి ఎంటర్.

పేరు పెట్టేటప్పుడు ఆరు నెలల తర్వాత చూసినా తెలిసేలా పెట్టండి. "కొత్తది", "కొత్తది 2" అని పెట్టుకుంటే తర్వాత ప్రతిదీ తెరిచి చూసుకోవాల్సి వస్తుంది.

డిలీట్ చేసిన ఫైలు ముందు రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. ఇది డెస్క్‌టాప్ మీద చెత్తబుట్ట గుర్తు. పొరపాటున తీసేస్తే బుట్ట తెరిచి, ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి రీస్టోర్ అనండి. ముందు ఎక్కడుందో అక్కడికే వెళ్తుంది. బుట్టను ఖాళీ చేశాక మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి కూడా బుట్టలోకి రావు, నేరుగా పోతాయి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కినా అంతే. మ్యాక్‌లో దీన్ని ట్రాష్ అంటారు.

## 7. గుండె గుభేల్‌మనే నాలుగు సందర్భాలు

డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ ఒక్కసారిగా కనపడకుండా పోతే, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి వ్యూ మీదకు వెళ్ళండి. అందులో షో డెస్క్‌టాప్ ఐకాన్స్ అన్నదాని పక్కన టిక్ లేదేమో చూడండి. నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి.

ఐకాన్లు ఉన్నట్టుండి పెద్దవైపోతే, కంట్రోల్ కీ మీద చెయ్యి ఉండగా చక్రం తిరిగింది. అదే కీ పట్టుకుని చక్రాన్ని వెనక్కి తిప్పండి. ఇంటర్నెట్ పేజీలో అక్షరాలు పెద్దవైనా ఇదే మందు.

విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఏది ఎక్కడుందో తెలియకపోతే, కీబోర్డులో విండోస్ గుర్తున్న కీ పట్టుకుని డి నొక్కండి. అన్నీ పక్కకు తప్పుకుని డెస్క్‌టాప్ కనిపిస్తుంది. మళ్ళీ అదే నొక్కితే తిరిగి వస్తాయి.

బాణం అసలు కదలకపోతే ముందు మౌస్ వైరు సరిగ్గా గుచ్చుకుందో లేదో చూడండి. వైరు లేనిదైతే అడుగున స్విచ్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ ఉందా చూడండి. కంప్యూటర్ పాడైందనుకుని టెన్షన్ పడేది ఆ తర్వాతే.

## 8. ఫోన్లో సాయం అడిగేటప్పుడు

మూడు ముక్కలు చెప్పండి: బాణం ఎక్కడ పెట్టారు, ఏం నొక్కారు, తర్వాత తెర మీద ఏం వచ్చింది. ఇంగ్లీషులో ఏదైనా మెసేజ్ వస్తే దాన్ని మూసెయ్యకుండా అక్షరం అక్షరం చదివి చెప్పండి, లేదా ఫోన్‌తో ఫోటో తీసి పంపండి. సగం జవాబు ఆ మెసేజ్‌లోనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. మీరు అడగకుండానే ఎవరో ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, నేను చెప్పింది నొక్కండి" అంటే వెంటనే ఫోన్ పెట్టెయ్యండి. సాయం కోసం మీరు ఎవరికి ఫోన్ చేస్తారో వాళ్ళ మాటే వినాలి.

ఆ తర్వాత కొన్ని వారాలకు పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. "ఒరేయ్, డెస్క్‌టాప్ మీద ఫోటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్ నొక్కాను. ఈ పేరుతో ఇంకోటి ఉందంటోంది. ఏం చెయ్యమంటావు?" నేను "వేరే పేరు పెట్టు పిన్నీ" అన్నాను. నిమిషం కూడా పట్టలేదు.

## 9. ఆపేటప్పుడు

తెరిచిన పనిని సేవ్ చేసి, విండోలన్నీ మూసెయ్యండి. స్టార్ట్ బటన్ నొక్కండి. అందులో గుండ్రంగా ఉండి పైన చిన్న గీత ఉన్న గుర్తు పవర్ బటన్. దాన్ని నొక్కితే మూడు మాటలు కనిపిస్తాయి. స్లీప్ అంటే కునుకు, విండోలు తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి. రీస్టార్ట్ అంటే ఆగి మళ్ళీ మొదలవడం. రోజు పని అయిపోతే షట్ డౌన్. తెర నల్లబడ్డాక కూడా లోపల కొన్ని క్షణాలు పని జరుగుతుంది. మెషీన్ మీద లైటు ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు గోడ మీద స్విచ్ ఆపండి.